పాట ధర వేరు, పడిన ధర వేరు

టమాటా తెప్పించే మండీల ఎంపికలో టోకు వర్తకులు చూసుకోవలసిన లెక్క

2023 జూలై నెలాఖరున మదనపల్లె యార్డులో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు పలికింది. ఆ మార్కెట్టులో అంతకు మునుపు వినని ధర అది. సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు ప్రాంతపు మండీలలో అదే టమాటా కిలో పది రూపాయల లోపునకు దిగజారింది. కోత కూలి సైతం గిట్టక రైతులు సరుకును రోడ్డు ప్రక్కన పారబోసి వెళ్ళారు. ఇంతటి ఎగుడు దిగుళ్ళలో లాభనష్టాలన్నీ ధర వలననే అని పైకి తోస్తుంది. కాని ఒకే రోజున, ఒకే ధరకు కొన్న ఇద్దరు వర్తకులకు ఒకే ఫలితం రాదన్నది కూరగాయల వ్యాపారం ఎరిగినవారందరికీ అనుభవమే. సరుకు పంపినవారెవరు, అది ఏ తోటది, లారీలో ఎన్ని గంటలున్నది, చెప్పిన క్రేట్లన్నీ వచ్చాయా లేదా అన్నవి ధరకు మించిన తేడాలు తెస్తాయి.

“పడిన ధర” అన్న మాట వర్తకులకు కొత్త కాదు. యార్డులో పాట పాడిన ధర ఒకటి. దానికి లారీ కిరాయి, ఎత్తుడు దించుడు కూలి, కమీషను, మార్కెట్ రుసుము, క్రేట్ల ఖర్చు కలిపి, దారిలోను దుకాణంలోను పోయిన తరుగు తీసివేసి, అమ్ముడుపోయే కిలో ఒక్కింటికి ఎంత అయినదో చూస్తే వచ్చేది మరొకటి. ఈ రెండవదే పడిన ధర. ఈ లెక్క తెలియని వర్తకుడు ఉండడు. అయితే తెల్లవారగానే ఫోనులో నాలుగు మండీల ధరలు విని, తక్కువ చెప్పినవారికే ఆ రోజు సరుకు చెప్పివేసే అలవాటు కూడా విస్తారంగా ఉన్నది. నష్టం అక్కడ మొదలై, సీజను ఆఖరున ఖాతా తీసినప్పుడు గాని తెలియడం లేదు.

ఒక ఉదాహరణ వేసి చూడవచ్చును. హైదరాబాదు వర్తకునికి రెండు చోట్ల నుంచి ధర వచ్చింది. మొదటి మండీలో కిలో 20 రూపాయలు, కిరాయి కిలోకు మూడున్నర, కూలి, కమీషను వగైరాలు రూపాయిన్నర, వెరసి 25. అంటే వంద కిలోలకు 2,500 రూపాయలు. రెండవ మండీలో ధర 23. కిరాయి 2, వగైరాలు అదే రూపాయిన్నర. వెరసి 26 రూపాయల 50 పైసలు. వంద కిలోలకు 2,650. కాగితం మీద మొదటిదే చవక. లారీలు దిగిన తరువాత మొదటి సరుకులో వందకు 12 కిలోలు చితికి, కుళ్ళి పోయినవి తేలాయి. రెండవదానిలో పోయినవి 4 కిలోలే. దీనితో మొదటిది కిలో 28 రూపాయల 41 పైసలకు, రెండవది 27 రూపాయల 60 పైసలకు పడ్డాయి.

లెక్క ఇంకా మిగిలి ఉన్నది. మొదటి సరుకులో నిలిచిన 88 కిలోలలో 20 కిలోలు చిన్నకాయ, మచ్చకాయ. సగం ధరకు గాని పోవు. రెండవదానిలో అటువంటివి 8 కిలోలు. సగం ధర సరుకును సగం తూకం క్రింద కట్టుకుంటే మొదటి చోట నికరంగా 78 కిలోలు, రెండవ చోట 92 కిలోలు నిలిచాయి. మొదటిది కిలో 32 రూపాయల 5 పైసలకు, రెండవది 28 రూపాయల 80 పైసలకు పడినట్లయింది. పాటలో మూడు రూపాయలు చవక అనుకున్న సరుకు దుకాణంలో మూడుంపావు ప్రియమై కూర్చున్నది. పది టన్నుల లారీకి ఇది ఇంచుమించు పాతిక వేల రూపాయల మాట.

ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే అయినా తరుగు సంగతి ఊహ కాదు. లూధియానాలోని కేంద్ర కోతానంతర ఇంజనీరింగ్, సాంకేతిక విజ్ఞాన సంస్థ 2015లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం టమాటాలో తోట మొదలు చిల్లర దుకాణం వరకు పోతున్నది 12.44 శాతం. ఆ తరువాత 2022లో వచ్చిన నాబ్‌కాన్స్ నివేదిక దీనిని 11.61 శాతంగా చూపింది. అంటే మధ్యనున్న ఏళ్ళలో మార్పు ఒక శాతం లోపే. ఇవి దేశం మొత్తానికి సరాసరి అంకెలు. వాన తడిసిన లోడుకూ, పొడి వాతావరణంలో ఏరి నింపిన లోడుకూ మధ్య గల దూరం సరాసరిలో కనిపించదు. హైదరాబాదు బోయినపల్లి మార్కెట్టులో రోజూ మిగిలిపోయే కూరగాయల వ్యర్థంతో బయోగ్యాస్ కర్మాగారం నడిపి విద్యుత్తు తీస్తున్న సంగతిని 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన పనే. ఆ కర్మాగారంలో పడే ప్రతి బుట్టకూ మునుపు ఎవరో ఒక వర్తకుడు పాట ధరా, కిరాయీ చెల్లించాడన్నది మరవరాదు.

క్రేటు తూకం మొదటి మోసం

మండీల ధరలు పోల్చేటప్పుడు మొదట తలకిందులయ్యేది తూకం. కోలారు యార్డులో పాట 15 కిలోల పెట్టె మీద సాగుతుంది. మదనపల్లె వైపు మండీలలో క్రేటు 25 నుంచి 30 కిలోల వరకు పడుతుంది. మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్, పింపళ్‌గావ్ మార్కెట్లలో 20 కిలోల క్రేటు వాడుక. “క్రేటు 600” అన్న కబురు 30 కిలోలకైతే కిలో 20 రూపాయలు, 25 కిలోలకైతే 24. ఫోనులో క్రేటు ధర ఒక్కటే విని బేరం ముగించినవారు కిలోకు నాలుగు రూపాయల తేడాను చీకటిలో వదిలివేసినట్లే. దీనికి తోడు కొన్ని మార్కెట్లలో సూటు పేరిట తూకంలో కోత కోసే అలవాటు ఉన్నది. ఆ కోత కొనుగోలుదారుకు కలిసివచ్చేదిగా కనిపిస్తుంది. కాని కోత భయంతో రైతు అడుగున నాసికాయ నింపడం మొదలుపెడితే కలిసివచ్చింది కాస్తా తరుగులో కొట్టుకుపోతుంది. పై వరుసలో ఎర్రని బండకాయ, అడుగున గోలీకాయ ఉన్న క్రేట్లు ఇటువంటి చోట్లనే హెచ్చు. క్రేట్లను ఒక్కొక్కటి వంచి చూసే వ్యవధి పాట సమయంలో ఎవరికీ ఉండదు. నూరింటిలో నాలుగైదింటిని తమ చేత్తో ఎంచి వంచి చూసే మనిషి యార్డులో ఉన్నాడా అన్నదే ప్రశ్న.

దూరపు వర్తకుడు పాటకు స్వయంగా వెళ్ళడు. అతని తరఫున స్థానికంగా ఒకరు నిలబడి కొని, నింపించి, లారీ ఎక్కిస్తారు. ఆ మనిషి కమీషను ఏజెంటు కావచ్చు, క్రేటుకు ఇంత అని కూలి తీసుకొని కొనిపెట్టేవాడు కావచ్చు, తోటలు చూసి నేరుగా మాట్లాడే మధ్యవర్తి కావచ్చు. అందుచేత మదనపల్లె మంచిదా, కోలారు మంచిదా అని తర్కించడం కంటె, మదనపల్లెలో ఎవరు, కోలారులో ఎవరు అని చూడడమే మేలు. ఒకే యార్డులో ప్రక్క ప్రక్క మండీల నుంచి వచ్చిన లోడుల మధ్య తరుగు తేడా, రెండు ఊళ్ళ మధ్య తేడాను మించి ఉండడం అరుదు కాదు.

సరుకు దోర ఏ పాటిదో కూడా ఆ మనిషికి తెలియాలి. మదనపల్లె నుంచి హైదరాబాదుకు సుమారు 500 కిలోమీటర్లు. ఆ దారికి రంగు తిరుగుతున్న దోరకాయ కావాలి. చెన్నైకి దూరం అందులో సగమే కనుక కొంత పండిన కాయ కూడా నిలుస్తుంది. ఉత్తరాదికి పోయే లోడుకు పచ్చి దోర తప్ప వేరొకటి పనికిరాదు. ఇక హోటళ్ళకు సరఫరా చేసే వర్తకునికి ఆ రోజే వంటకు దిగే ఎర్రపండు కావాలి. వాటిలో కొంచెం మెత్తబడినవి ఉన్నా అభ్యంతరం ఉండదు. ఈ నలుగురికీ మంచి సరఫరాదారు ఒకడే కాజాలడు. తమ గిరాకీ ఎటువంటిదో చెప్పకుండా “ఫస్టు క్వాలిటీ పంపండి” అని మాత్రమే చెప్పేవారికి మండీలో ఆ పూట ఫస్టు అనిపించుకున్న సరుకు వస్తుంది. అది వారి దారికి ఫస్టు కాకపోవచ్చును.

మధ్యాహ్నపు ఎండలో కోసి, వేడి తగ్గకుండానే నింపి, టార్పాలిన్ కప్పిన లారీలోకి ఎక్కించిన కాయ రాత్రంతా ఉడుకుతూనే వస్తుంది. వాన కురిసిన మరునాడు కోసిన కాయ పగులుతుంది, తొడిమ దగ్గర బూజు పట్టుతుంది. చల్లని గది ఉన్నవారు కూడా జాగ్రత్త పడవలసిన విషయమొకటి ఉన్నది. దోరకాయకు 12, 13 డిగ్రీల చలి సరిపోతుంది. పది డిగ్రీల దిగువన రోజుల తరబడి ఉంచితే చలిదెబ్బ తగిలి కాయ సరిగా రంగు తిరగదు, మచ్చలు పడుతుంది. అటువంటి తరుగును పంపినవారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. మందపు తోలు సంకర రకాలు వచ్చిన తరువాత దూరపు రవాణా తేలికయినది నిజమే. పుల్లని నాటుకాయ కోరే గిరాకీ ఇంకా ఉన్నది గాని, ఆ కాయను దూరం పంపించే ధైర్యం ఎవరూ చేయడం లేదు.

ఇరవై లోడుల పుస్తకం

పంపేవారి యోగ్యతను జ్ఞాపకం మీద తేల్చడం కష్టం. మనసులో నిలిచేది చివరగా వచ్చిన లోడు, లేకుంటే అన్నిటికంటె చెడిపోయిన లోడు. ఒక చిన్న పుస్తకంలో తేదీ, మండీ, పంపినవారు, చెప్పిన క్రేట్లు, వచ్చిన క్రేట్లు, దిగిన తూకం, లారీ బయలుదేరిన వేళ, చేరిన వేళ, తరుగు, రెండవరకం, చివరగా పడిన ధర రాసుకుంటే చాలును. గుమాస్తాకు రోజుకు పది నిముషాల పని. ఒక్కొక్కరి నుంచి ఇరవై లోడులు రాసేసరికి ఎవరేమిటో అంకెలే చెబుతాయి.

ఈ పుస్తకంలో సరాసరి ఒక్కటే చూడడం పొరపాటు. ఇద్దరు పంపినవారి సరుకూ, మార్కెట్టు నిలకడగా ఉన్న నెలలో, సరాసరిన కిలో 28 రూపాయలకే పడిందనుకోవచ్చు. ఒకరిది 27కూ 29కీ మధ్యనే ఆడింది. మరొకరిది ఒకసారి 23, ఒకసారి 36. యార్డులో అంగడి పెట్టి ఏ రోజు సరుకు ఆ రోజు ధరకు అమ్ముకునే వర్తకుడు రెండవవానితో కూడా నెట్టుకురాగలడు. 23 పడిన రోజున సంపాదించి 36 పడిన రోజున పోగొట్టుకుంటాడు. నెలకొక ధర ఒప్పుకొని హాస్టళ్ళకు, హోటళ్ళకు పోసేవారికి మాత్రం రెండవవాడు పనికిరాడు. ఆ ఒక్క 36 రూపాయల లోడు వారం రోజుల మిగులును మింగివేస్తుంది. ఆ రోజు సరుకు లేదని చెబితే కాంట్రాక్టే పోవచ్చును.

చెప్పిన క్రేట్లకు వచ్చిన క్రేట్లెన్ని అన్న గడిని చాలామంది పట్టించుకోరు. ధర నిలకడగా ఉన్నప్పుడు 200 క్రేట్లు చెబితే 200 రావడం గొప్పేమీ కాదు. ధర ఎగబాకిన రోజున ఎన్ని వచ్చాయన్నదే చూసుకోవాలి. 2023 జూలైలో జరిగింది ఇదే విషయం. అంతకు ముందు ఏప్రిల్, మే నెలలలో టమాటా ధర బాగా పడిపోయి ఉన్నది. గిట్టుబాటు కాక సాగు తగ్గించినవారున్నారు. కోలారు ప్రాంతంలో బీన్సుకు మంచి ధర వచ్చిందని ఆ పంటకు మళ్ళినవారున్నారు. దానికి తెల్లదోమ, ఆకుముడత వైరస్ తోడైంది. సరుకు రాక పలచబడిన సమయంలోనే జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్య, నాఫెడ్ ఢిల్లీ తదితర నగరాలలో రాయితీ ధరకు అమ్మడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మండీలలో కొనుగోళ్ళకు దిగాయి. రైతు బజార్లలో రాయితీ టమాటా కోసం రాష్ట్ర ప్రభుత్వమూ కొన్నది. చిన్న కొనుగోలుదారుల మాట ఆ నెలలో మండీలో చెల్లలేదు. మే నెలలో ధర పడినప్పుడు సైతం వారానికి ఇన్ని లోడులని ఎత్తినవారికి కొంత సరుకు దక్కే ఆశ ఉండింది. మేలో ముఖం చాటువేసి జూలైలో ఫోను చేసినవారికి మండీదారు చెప్పే సమాధానం ఊహించుకోవచ్చును.

ఒకే మబ్బు క్రింద రెండు మండీలు

ఒక్కరినే నమ్ముకోరాదని ఇద్దరు ముగ్గురిని పెట్టుకొన్నవారు కూడా పొరబడే చోటు ఒకటి ఉన్నది. మదనపల్లె నుంచి ఒకరు, కోలారు నుంచి ఒకరు అని పెట్టుకొని రెండు దారులున్నవని ధీమాగా ఉంటారు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం నూరు కిలోమీటర్ల లోపే. ఒకే వాన, ఒకే దోమ, ఒకే ఎండ. 2021 నవంబరులో రాయలసీమలో, ముఖ్యంగా చిత్తూరు, కడప జిల్లాలలో వరదలు వచ్చినప్పుడు కోలారు వైపు తోటలూ వానకు దెబ్బతిన్నాయి. దక్షిణాది నగరాలలో చిల్లర ధర కిలో వంద రూపాయలు దాటింది. ఆ రోజులలో దక్షిణాది మార్కెట్లు మహారాష్ట్ర సరుకు వైపు చూడవలసివచ్చింది. అక్కడ ముందుగా పరిచయమున్నవారికి అది ఒక ఫోను పని; లేనివారు తెలియని మనిషికి రొక్కం ముందు పంపి, చూడని సరుకు కోసం ఎదురుచూడవలసిన పరిస్థితి.

కనుక రెండవ దారి అంటే వేరొక వాతావరణం, వేరొక సీజను ఉన్న చోటు కావాలి. మదనపల్లె, ములకలచెరువు, గుర్రంకొండ, పుంగనూరు, పలమనేరు మండీలకు ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు సరుకు జోరు. కోలారుకు ఏడాది పొడవునా రాక ఉన్నా వేసవి, తొలకరి నెలలదే పైచేయి. పత్తికొండ, ఆస్పరి, ప్యాపిలి వైపు ఆగస్టు దాటిన తరువాత పుంజుకొని డిసెంబరు వరకు నడుస్తుంది. చలికాలంలో హైదరాబాదుకు చేవెళ్ళ, శంకరపల్లి చుట్టుప్రక్కల తోటల కాయ దగ్గరి సరుకై వస్తుంది. కిరాయి తక్కువ, తరుగు తక్కువ. నారాయణ్‌గావ్‌ది వేసవి పంట. నాసిక్ జిల్లా పింపళ్‌గావ్‌లో ఆగస్టు మొదలు డిసెంబరు దాకా రద్దీ. ఈ పట్టిక గోడకు తగిలించుకున్నవారికి మే నెలలో ఎక్కడివారితో మాట కలపాలో, సెప్టెంబరుకు ఎవరిని సిద్ధం చేసుకోవాలో ముందే తెలుస్తుంది.

వాన ఒక్కటే కాదు, మార్కెట్టు మూతపడే గండమూ ఉన్నది. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై కేంద్రం 40 శాతం సుంకం విధించగానే నాసిక్ జిల్లా వర్తకులు నిరసనగా లాసల్‌గావ్ సహా అక్కడి యార్డులలో వేలం ఆపివేశారు. పైరు బాగున్నది, సరుకు ఉన్నది, లారీలూ ఉన్నవి. కొనడానికి మాత్రం దారి లేదు. 2020 మే నెలలో కరోనా వ్యాప్తి కారణంగా చెన్నైలోని కోయంబేడు మార్కెట్టును మూసి, కూరగాయల వర్తకాన్ని తిరుమళిశైకి తరలించారు. తిరిగి తెరిచేసరికి సెప్టెంబరు నెల వచ్చింది. ఆ నాలుగైదు నెలలు కోయంబేడు మీదనే ఆధారపడిన పంపకందార్లు నానా తిప్పలు పడ్డారు. కొనేవారికి సరఫరాదారు ఒక్కడే ఉండరాదన్న సూత్రం పంపేవారికీ అంతే వర్తిస్తుంది. మంచి మండీదారు తన సరుకంతా ఒకే వర్తకునికి ఇవ్వడు. ఇవ్వాలని పట్టుబట్టడమూ వివేకం కాదు.

మరి ఎంతమందిని ఉంచుకోవాలి? పదిమందికి పది క్రేట్ల చొప్పున చెప్పేవారిని ఏ మండీలోనూ తమవాడు అనుకోరు. లారీ నిండని చిన్న లోడులకు కిరాయి కూడా ఎక్కువ పడుతుంది. మధ్యస్థాయి టోకు వర్తకునికి సీజనులో ఇద్దరు ముఖ్యులు, దూరాన మరొకరు సరిపోతారనిపిస్తుంది. ఆ మూడవవాని సరుకు కిలోకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువ పడవచ్చు. పదిహేను రోజులకొక లోడు అయినా అతని నుంచి తెప్పిస్తూ ఉంటే, ఆ ఎక్కువ సొమ్మును బీమాకు కట్టిన దానిగా రాసుకోవచ్చును. అవసరం వచ్చిన నాడు మొదటిసారి మాట్లాడితే అది బీమా కాదు, యాచన అవుతుంది.

చెల్లింపు కూడా సరుకులో భాగమే

పుస్తకంలో పంపేవారి గుణాలు రాసుకునే వర్తకుడు తన పేరున అవతలి మండీలో ఇటువంటి పుస్తకమే ఒకటి ఉంటుందని గ్రహించాలి. అందులో గడులు రెండే: సొమ్ము ఎన్ని రోజులకు పంపుతాడు, తరుగు పేరుతో ఎంత కోస్తాడు. మూడవ రోజున సొమ్ము జమ చేసేవారికీ, మూడు వారాలు త్రిప్పేవారికీ ఒకే తోట సరుకు రాదు. ఆలస్యపు వడ్డీని మండీదారు చెప్పకుండానే కాయలో కలుపుకుంటాడు.

తరుగు కోత మీదనే తగాదాలు హెచ్చు. సరుకు దిగిన చోట ఎంత పోయిందో పంపినవారికి కనిపించదు. ఎక్కించినప్పుడు ఎలా ఉన్నదో కొన్నవారికి కనిపించదు. ధర పడిపోయిన రోజున కొందరు కొనుగోలుదార్లకు తరుగు హఠాత్తుగా పెరగడం మండీలలో పాత హాస్యం. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఎక్కించేటప్పుడు నాలుగు క్రేట్లు వంచి ఫోనులో ఫొటో తీసి పంపడం, దించిన గంటలో ఆ విధంగానే ఇక్కడ నుంచి తీసి పంపడం. ఇంత శాతం వరకు తరుగు కొన్నవారిది, ఆ పైన ఇద్దరిది చెరిసగం అని సీజను ముందే మాట అనుకుంటే పట్టీ చేసే సమయంలో గొంతులు లేవవు. అడ్వాన్సు ఇచ్చి మండీదారుని కట్టివేయవచ్చునని భావించేవారున్నారు. అడ్వాన్సు వలన సరుకు వస్తుంది గాని, బాగాలేని సరుకును వద్దనే స్వేచ్ఛ పోతుంది. ఇచ్చిన సొమ్ము రాబట్టుకోవడం కోసం నాసిరకం ఎత్తవలసి రావడం ఎందరికో అనుభవమైనదే.

2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు తెరిచినప్పటి నుంచి పెద్ద సంస్థలు పల్లెలలో సేకరణ కేంద్రాలు పెట్టి, కాయ పరిమాణం, రంగు, దోర చెప్పి నేరుగా కొనడం పెరిగింది. ఏరివేతలో అవి ఖచ్చితంగా ఉంటాయి. అయితే అక్కడ కాదన్న కాయ ఇంటికి పోదు, మండీకే వస్తుంది. సేకరణ కేంద్రాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం నుంచి సరుకు తెప్పించే టోకు వర్తకుడు తనకు వచ్చేది తోట మొత్తమా, ఏరివేత పోగా మిగిలినదా అని అడిగి తెలుసుకోవడం మంచిది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన ఈ-నామ్ వంటి ఏర్పాట్లతో అనేక యార్డుల ధరలు కూర్చున్న చోటనే తెలుస్తున్నవి. ధర తెలుసుకోవడం ఆ మేరకు సులువైంది. ఆ సరుకు అయిదు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసిన తరువాత ఎంత మిగులుతుందో తెరమీద కనిపించదు. అది వర్తకుని పుస్తకంలోనే ఉండాలి.

కొత్త మండీని పరీక్షించదలచినవారు సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు కాక, మొదటి రెండు వారాలలోనే చిన్న లోడులు తెప్పించి చూడడం నయం. ఒక్క లోడుతో తీర్పు చెప్పరాదు. మొదటి లోడుకు ఎవరైనా మంచి కాయే ఏరి పంపుతారు. మూడవది, నాలుగవది ఎలా ఉన్నవో చూడాలి. వాన కురిసిన మరునాటి లోడు ఒకటైనా అందులో ఉండాలి. ఆ రోజున “కాయ బాగాలేదు, ఈ పూట వద్దు” అని తానుగా ఫోను చేసి చెప్పిన మండీదారు దొరికితే, కిలోకు రూపాయి ఎక్కువ అడిగినా అతనిని వదులుకోకూడదు. అతని ఖాళీ క్రేట్లను తిరుగు లారీలో లెక్క తప్పకుండా పంపించడం మాత్రం మరవరాదు. పది క్రేట్లు తగ్గినందుకు చెడిన పొత్తులు మండీలలో తక్కువేమీ లేవు.